కొండకు పంపిన కోడి

నా భార్య మొన్న భాద్రపదంలో తిరుపతి ఆసుపత్రిలో చనిపోయింది. కామెర్లు. మొదట పసరు మందు తాగించాం, అది పనిచేయలేదని తెలిశాక ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ వరుస తిరగబడి ఉండాల్సింది. ఆ ఉదయం కాఫీ తేవడానికి కిందికి పోయాను. తిరిగి వచ్చేసరికి పక్క మంచం వాళ్లు నన్ను చూసి గోడ వైపు తిరిగారు. నాకు అర్థమైంది. కాఫీ చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

మాది వడమాలపేటకూ పుత్తూరుకూ మధ్య, రోడ్డు పక్కనున్న ఊరు. ఊరి వెనక కొండ. నేను తిరుపతిలో బి.ఎస్సీ. చదివి పుత్తూరులో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. ఇల్లు, కొద్దిపాటి చేను, పెరట్లో నాటుకోళ్లు ఆమె చూసుకునేది. అంతకు మించి ఆమె బతుకులో చెప్పుకోదగ్గ సంగతి లేదని మా బంధువులు అనుకుంటారు. ఒకటి ఉంది. అది వదిలేసి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

ఆమె కోళ్లకు పేర్లు పెట్టేది కాదు. వాటి పుట్టుకను బట్టి పిలిచేది. ఒకటి వడమాలపేట దాని కూతురు. ఇంకొకటి నగరి దాని మనవరాలు. మా మేనమామల పిల్లల వరస చెప్పమంటే తడుముకునేది గానీ కోళ్ల వంశం అడిగితే మూడు తరాలు గడగడా చెప్పేది. "మీ చుట్టాలకన్నా ఇవే నయం. పెట్టింది తిని గుడ్డన్నా పెడతాయి" అనేది.

ఆ రోజుల్లో పొద్దున్నే కొండ మీది నెమళ్లు మా పెరటి దాకా దిగేవి. కోళ్లతో కలిసి నూకలు తినేవి. వాటి కోసం ఆమె ఒక పిడికెడు ఎక్కువే చల్లేది. మా వైపు నెమలికి గింజ వేస్తే తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి వేసినట్టే అంటారు. ఆడికృత్తిక పండగకు మొక్కు కావిళ్లు ఎత్తుకున్నవాళ్లు మా ఇంటి ముందు నుంచే తిరుత్తణికి నడిచిపోతారు. వాళ్లకు ఆమె మజ్జిగ పోసేది. కావిడికి కట్టిన నెమలీకలతో వాళ్లు తల నిమిరితే కళ్లు మూసుకుని నిలబడేది. మరుసటి రోజు మేమూ బస్సెక్కి తిరుత్తణి పోయేవాళ్లం. పెళ్లయినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు.

ఎండలు ముదిరే ముందు మా వైపు కోళ్లకు తెగులు వస్తుంది. కోడి విడిగా ఒక మూలకు పోయి ఈకలు ఉబ్బించుకుని నిలబడుతుంది. పచ్చగా పారుకుంటుంది. మెడ మెలి తిరుగుతుంది. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా గంపలు ఖాళీ అవుతాయి. అది గంగమ్మ కోపమని పెద్దలు అనేవాళ్లు. కోపం చల్లారాలంటే తెగులును ఊరు దాటించాలి. దానికొక పద్ధతి ఉంది. ఇంకా తెగులు తగలని ఇంటి నుంచి నిండుగా ఉన్న పెట్టను ఎంచాలి. పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపాకు పరిచిన గంపలో కూర్చోబెట్టి, పసుపన్నంతో సహా పొలిమేర అవతల వదలాలి. ఊళ్లో తెగులంతా దాని వెంట పోతుంది. వదిలినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు.

మా పొలిమేర అవతల అంటే పక్క ఊరి నేల. వాళ్లు ఊరుకుంటారా? వాళ్ల కోడిని మా వైపు తోలేవాళ్లు. ఏటా తిట్లు. ఒక ఏడు కర్రలు కూడా లేచాయి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఇక లాభం లేదని రెండు ఊళ్ల పెద్దలూ మా గంగమ్మ గుడి ముందు కూర్చున్నారు.

"మీ రోగం మాకెందుకప్పా?"

"మీది మాత్రం మాకెందుకబ్బా?"

కాసేపు ఇదే నడిచింది. చివరికి వాళ్ల పెద్దమనిషి ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "రెండూళ్లోళ్లమూ కొండకు తోలేద్దాం. ఆడ ఎవురుండారు?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇంత సులువైన మాట ఇన్నేళ్లు తట్టలేదే అనుకున్నారు. తల ఊపినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఏడు మా ఇంటికి ఇంకా తెగులు రాలేదు. కాబట్టి కోడి మా ఇంటిదే. ఉన్నవి రెండు పెట్టలు, మిగతావి పుంజులు, గుడ్డుకు రాని పిల్లలు. నిండుగా ఉన్నది నల్ల పెట్ట. దాని కింద అప్పుడే పొదిగిన పిల్లలున్నాయి. రెండోది వడమాలపేట దాని కూతురు. ముందు రోజు సాయంత్రం నుంచి అది విడిగా నిలబడి ఉంది. అది చూసింది ఆమె ఒక్కతే. పూజారి పసుపు గిన్నెతో గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. ఆమె గంప కిందికి చెయ్యి పోనిచ్చింది. నల్ల పెట్ట చేతికి తగిలింది, దాని రెక్క కింది పిల్లలూ తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుని రెండోదాన్ని ఇచ్చింది.

"పిల్లల కోడిని ఎట్లా ఇచ్చేది?" అని తర్వాత నాతో ఎన్నోసార్లు అంది. నేను ప్రతిసారీ "ఇవ్వలేం" అనే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. దానివల్ల ఆమెకు ఏమీ తగ్గలేదు.

గంప మోసింది నేను. కోడి కదలకుండా కూర్చుంది. ముందు నడుస్తున్న మేళానికి బెదిరిందేమో అనుకున్నాను. కొండ కింద రాతి దగ్గర దాన్ని దించి, చుట్టూ అన్నం చల్లి, చెప్పినట్టే వెనక్కి చూడకుండా వచ్చేశాను. చూసి ఉంటే ఆ అన్నానికి దిగుతున్న నెమళ్లు కనపడి ఉండేవి.

ఊళ్లో తెగులు తగ్గింది. చావడానికి పెద్దగా కోళ్లు మిగల్లేదు కనుక తగ్గిందని ఇప్పుడు తోస్తుంది. మా నల్ల పెట్ట మాత్రం పిల్లలతో సహా బతికింది. గంగమ్మ మా ఇంటి కోడిని మెచ్చిందని ఊళ్లో అన్నారు.

ఒక ఆదివారం మా పక్కింటి వదిన కట్టెలకు పోయి వచ్చింది. వరసకు నాకు వదిన, ఆమెకు అక్క. నోరు పెద్దది. నెత్తిన కట్టెల మోపు, మోపు మీద చేతికి పట్టనన్ని నెమలీకలు.

"ఏమ్మే, నువ్వు గూడా రా. కొండ కింద నెమిళ్లు సచ్చి పడుండాయి. పీక్కున్నోళ్లకు పీక్కున్నంత. ఆడికృత్తికకు కావిళ్లోళ్లు ఎగబడి తీసుకుంటారు."

ఆమె బియ్యం చెరుగుతోంది. "ఎట్లా సచ్చినాయక్కా?"

"నాకేం తెల్సు? మెడ మెలేసుకోని పడుండాయి. మన కోళ్ల మాదిరే."

ఆమె చేట కింద పెట్టి కొండ వైపు నడిచింది. నేను వెనక పోయాను. రాతి చుట్టూ, పొదల కింద, పడినవి పడినట్టే ఉన్నాయి. మగ నెమళ్లకు ఈకలు లేవు. ఆడ నెమళ్లను ఎవరూ ముట్టుకోలేదు. పక్కన గువ్వలు, కాకులు. మా కోడి లేదు, ఏ నక్కో తీసుకుపోయి ఉంటుంది. పసుపు అంటిన ఈకలు కొన్ని గడ్డికి చిక్కుకుని ఉన్నాయి. ఒక ఆడ నెమలికి ఇంకా ప్రాణం ఉంది. మెడ వెనక్కి తిరిగి, ముక్కు ఆకాశం వైపు పెట్టి, ఉన్నచోటే చుట్టూ తిరుగుతోంది. ఆమె దాని పక్కన చతికిలబడింది. అప్పుడే నాకు చెప్పింది, మేం ఇచ్చిన కోడి ముందు రోజు నుంచే బాగాలేదని.

మరుసటి రోజు నాతో బస్సెక్కి పుత్తూరు వచ్చి పశువుల డాక్టరును కలిసింది. ఆయన మంచివాడు, ఓపికగా విన్నాడు.

"కొక్కెర రోగమమ్మా. కోళ్లది. నెమళ్లకూ గువ్వలకూ అంటుకుంటుంది. ఊళ్లో వచ్చింది కొండలోకి పోకూడదని రోగానికి ఎవరు చెప్పాలి?"

"మా కోడి నుంచేనా సార్?"

"ఎట్లా చెప్పేది? పక్క ఊరి వాళ్లూ అక్కడే వదిలారంటున్నావు. చచ్చినవాటిని రెండూళ్ల వాళ్లూ అటే పారేశారంటున్నావు. ఏ కోడి నుంచి పోయిందో దేవుడికే తెలియాలి."

బయటికి వచ్చాక "విన్నావు కదా, మనదేనని ఏమీ లేదు" అన్నాను.

"ఇన్నాను. దేవుడికి తెల్సంట" అంది.

ఆ ఏడు ఆడికృత్తికకు కావిళ్లు మామూలుగానే మా ఇంటి ముందు నుంచి పోయాయి. ఎన్నడూ లేనంత నిండుగా ఉన్నాయి. కొత్త ఈకలు ఎండలో మెరుస్తూ, వంగుతూ, గుంపులు గుంపులుగా. జనం దండాలు పెడుతున్నారు. ఆమె మజ్జిగ పోస్తూ ఉంది. ఒక పెద్దాయన అలవాటుగా కావిడి వంచి ఈకలు ఆమె తల మీదికి తెచ్చాడు. ఆమె చెంబు నా చేతికిచ్చి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. మరుసటి రోజు తిరుత్తణికి రమ్మంటే రానంది.

"సామి దగ్గర చెప్పుకో. పోతుంది" అన్నాను.

"చెప్పుకుంటే నాకు పోతాది. వాటికి?"

మళ్లీ తనే అంది. "మన కొండ మింద నెమిలి మళ్లీ పిల్లల్ని దించిన నాడు వస్తా. అంతదాకా నన్ను పిలవాకు."

పిలవలేదు. ఏటా నేనొక్కడినే పోయి వచ్చాను. తెచ్చిన విభూతి తీసుకుని గూట్లో పెట్టేది. నుదుట పెట్టుకునేది కాదు. నేను వెళ్లకుండా ఉండాల్సింది. ఆ మాట నాకు ఇప్పుడు తోస్తోంది.

వానాకాలం ఉదయాలు మా ఊళ్లో నెమళ్ల కేకలతో మొదలయ్యేవి. ఆ ఏడు కేక లేదు. కాకులు కూడా పలచబడ్డాయి. మిగతావాళ్లు ఆ తేడా గమనించారో లేదో తెలియదు. చేలల్లో వేరుశెనగ గింజలు మిగిలాయని మాత్రం కొందరు సంతోషించారు.

తర్వాతి తెగులు కాలానికి ఊరివాళ్లు మళ్లీ గుడి ముందు కూర్చున్నారు, కొండకు ఎవరింటి కోడి అని. ఆడవాళ్లు ఆ చోట మాట్లాడే అలవాటు లేదు. ఆమె అరుగు చివర నిలబడి, కొంగు చేత్తో పట్టుకుని అంది.

"తెగులు మనది. మన కాడే ఉండనీండి. కొండలో ఎవురూ లేరని ఇంకోసారి అనాకండి."

ఒకాయన నా వైపు తిరిగి "ఏమప్పా, మీ ఇంట్లో నువ్వు మాట్లాడవా?" అన్నాడు. నవ్వులు. నేను "ఆమె చెప్పిందే నాది కూడా" అన్నాను. చిన్న గొంతుతో అన్నాను. అయినా ఆ ఏడు కోడి కొండకు పోలేదు. ఆమె మాటకు కాదు, నెమళ్లు చావడం అశుభమని పూజారి కూడా వెనక్కి తగ్గాడు గనుక.

అప్పటి నుంచి ఆమె పనులు కొన్ని పెరిగాయి. ఏటా శీతాకాలం పోయేలోపు కోళ్లను గంపలో పెట్టుకుని, పైన వల కట్టి, పుత్తూరు బస్సెక్కి టీకా వేయించేది. కండక్టరు "ఏమ్మా, వీటికి గూడా టికెట్టు కొట్టాల్నా?" అంటే, "కొట్టు నాయనా, కిటికీ పక్కన సీటు గూడా ఇప్పించు" అనేది. ఊళ్లో ఎవరింట కోడి చచ్చినా అడిగి తెచ్చి, చేను గట్టున లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చేది. వదిన ఆమెకు కోళ్ల కాటికాపరి అని పేరు పెట్టింది.

"కాటికాపరమ్మా, మాది ఒకటి పొయ్యింది. పాడె నువ్వే కడతావా?"

"నువ్వు పట్టుకోనిరా అక్కా, నేను గుంత తీస్తా. ఏడ్చేది మాత్రం నువ్వే."

వదిన తిట్టుకుంటూనే తెచ్చేది. అందరూ కొండ వైపు పారేయడం మానేశారు. భక్తితో కాదు, ఆమె నోటికి జడిసి.

చాలా ఏళ్లకు, బహుశా పక్క కొండల నుంచి, నెమళ్లు ఒకటి రెండు తిరిగి వచ్చాయి. ఆమె అంట్లు తోముతుండగా మొదటి కేక వినపడింది. బూడిద చేతులతో అట్లాగే లేచి నిలబడింది. నా వైపు చూడలేదు. మళ్లీ కేక వినిపించేదాకా అట్లాగే ఉంది.

ఆమెకు ఊరట దొరికిందనుకున్నాను. వారం తిరక్కుండా ఒక మగ నెమలి పెరటి గోడ మీదికి వచ్చింది. ఆమె పళ్లెం తీసుకుని గరిటెతో వాయిస్తూ పొలం చివరిదాకా తరిమింది. ఆనాటి నుంచి అదే పని. వదిన బుగ్గలు నొక్కుకుంది.

"సామి వాహనాన్నే తరిమేస్తా ఉండావే! నీకు పుట్టగతులుంటాయా?"

"వాహనం బతికుంటేనే గదక్కా సామి తిరిగేది."

నేను అడిగాను, వాటిని చూడాలని ఇన్నేళ్లు కాచుకున్నది నువ్వే కదా అని. ఆయాసపడుతూ గడప మీద కూర్చుంది.

"మన కోళ్ల దగ్గిరికి రాకుండా ఉంటే చాలు. దూరం నుంచి కేక ఇంటా ఉండా కదా" అంది.

కోళ్లు పెంచడం మానేయవచ్చు కదా అని కూడా అన్నాను. ఊళ్లో అందరి ఇళ్లలో కోళ్లున్నాయి, మనం ఒక్కళ్లం మానితే తెగులు పోతుందా అంది. ఆమె లెక్క అది. తప్పు జరిగిన చోటు వదిలి పోకూడదు, అక్కడే కాపలా ఉండాలి. ఆ మాట ఆమె ఇట్లా చెప్పలేదు. నేను రాస్తున్నాను.

ప్రతి వానాకాలం నెమలి పిల్లల కోసం చూసేది. చేలో కలుపు తీస్తూ మధ్య మధ్య నడుం నిలబెట్టి కొండ వాలు వెతికేది. ఒక్క ఏడూ కనపడలేదు. ఆ నిరీక్షణలో నన్ను ఎప్పుడూ కలుపుకోలేదు. తల ఊపినవాళ్లలో నేనున్నానని, గంప నేను మోశానని ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆసుపత్రిలో చేరాక ఇంటి తాళం, కోళ్లు వదినకు అప్పజెప్పాం. ఒక మధ్యాహ్నం వదిన బస్సు దిగి, చెమటలు కక్కుతూ, వార్డు గుమ్మం దగ్గరి నుంచే కేక పెట్టింది.

"ఇదోమే! నెమిలి పిల్లల్ని దించింది! మీ చేలోనే! నాలుగో అయిదో, తల్లి వెనకాల ఎట్లా పోతా ఉండాయని!"

నర్సు మెల్లగా మాట్లాడమంది. వదిన పట్టించుకోలేదు. నా భార్య కళ్లు అప్పటికి పచ్చగా ఉన్నాయి. మాట నెమ్మదైంది. తల కొంచెం లేపింది. ఏడుస్తుందనుకున్నాను, దండం పెడుతుందనుకున్నాను.

"కోళ్లను మూసినారా?" అంది.

"మూసినాలే తల్లీ. నా చేత్తోనే మూసొచ్చినా."

"మూసి పెట్టండి. పిల్లలు ఎగిరేదాకా."

వదిన పోయాక నేను మంచం పక్కన కూర్చున్నాను. "తగ్గినాక తిరుత్తణి పోదాం" అన్నాను.

"పోదాం. నువ్వు గూడా గుండు కొట్టించుకోవాల" అంది.

"నేనెందుకే?"

"గంప మోసింది ఎవురు?"

అని నవ్వింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా వంతు నాకు పంచింది. సరే అన్నాను. ఆ తర్వాత ఆమెతో నేను పెద్దగా మాట్లాడలేకపోయాను. ఆమెకు నిద్ర ఎక్కువైంది.

కర్మకాండ ముగిసింది. వచ్చిన చుట్టాలు వెళ్లిపోయారు. ఏడాది దాకా తిరుత్తణి కొండ మీది గుడికి పోకూడదని పెద్దలు చెప్పారు. ఆ తర్వాత పోతాను. మాట ఇచ్చాను. అయితే అక్కడ ఏం చెప్పుకోవాలో నాకు ఇంకా తెలియడం లేదు. ఆమె పేరు చెప్పి క్షమించమంటే, ఆమె అడగని దాన్ని నేను అడిగినట్టవుతుంది.

చుట్టాలు వెళ్లిన మరుసటి ఉదయం కోళ్లకు నూకలు తీసుకుని పెరట్లోకి వచ్చాను. గంప ఎత్తబోతుంటే కంచె కింది నుంచి ఆడ నెమలి తల పెట్టింది. అటూ ఇటూ చూసి లోపలికి వచ్చింది. వెనక పిల్లలు. మట్టి రంగులో, సన్నటి కాళ్లతో, తల్లి ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ. లేచి తరమాలి. తెలుసు. ఆమె అయితే ఈపాటికి పొలం దాటించి ఉండేది. నేను లేవలేదు. ఇన్ని వానాకాలాలు ఆమె వెతికినది నా ఎదురుగా, చేతికి అందేంత దగ్గరగా నడుస్తోంది. చూస్తున్నది నేను.

నూకల చేట వెనక్కి దాచాను. రెండో చేత్తో గంపను నేలకు గట్టిగా అదిమి పట్టుకున్నాను. లోపల కోళ్లు ఆకలికి గోళ్లతో గీరుతున్నాయి, వెదురు సందుల్లోంచి నా అరచేతిని పొడుస్తున్నాయి. తల్లి నెమలి అవతలి కంచె దాకా పోయింది. చివరి పిల్ల ఒకటి మా బావి గట్టు దగ్గర ఆగిపోయి, దారి తెలియక, నా వైపే చూస్తూ నిలబడింది. అది కదిలేదాకా నేను చెయ్యి తీయలేదు.